కలివి కోడి బొమ్మలో పొద ఎక్కడ? - వన్యప్రాణి ఛాయాచిత్రాలపై ఒక విమర్శ

వన్యప్రాణుల ఛాయాచిత్రాలను మనము సాధారణంగా రెండు ప్రశ్నలతో చూస్తాము. ప్రాణి అరుదైనదా? బొమ్మ స్పష్టంగా వచ్చినదా? ఈ రెండింటికీ అవునని సమాధానం వస్తే చిత్రం గొప్పదని మెచ్చుకొంటాము. ప్రదర్శనలో బహుమానం ఇస్తాము, పత్రిక అట్టమీద అచ్చువేస్తాము. కాని మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ ప్రాణి ఆ చోటనే ఎందుకు బ్రతుకుతున్నదో చిత్రం చెప్పుతున్నదా? "సహజ పరిసరాలలో తీసిన చిత్రం" అని బొమ్మ క్రింద వ్రాయటం సులభం. ఆ పరిసరాలు నిజంగా బొమ్మలో ఉన్నవో లేవో చూడటం విమర్శకుని పని.

ఈ మూడవ ప్రశ్నను పరీక్షించటానికి కర్నూలు, కడప సీమలు చాలా తగినవి. ఇక్కడి మెట్టనేలలను, ముళ్ళపొదలను, గడ్డిబీళ్ళను మనవారు చాలాకాలంగా పనికిరాని భూములుగానే లెక్కవేస్తూ వచ్చారు. దట్టమైన చెట్లున్నదే అడవి అనీ, తక్కినది బంజరు అనీ ఒక అభిప్రాయం పాతుకొనిపోయింది. అయితే ప్రపంచంలోని పక్షిశాస్త్రజ్ఞులు ఈ సీమ పేరు తలచుకొనేది ఆ బంజరును చూచియే. కడప వైపు కలివి కోడి, కర్నూలు వైపు బట్టమేక పిట్ట - ఈ రెండూ అక్కడివే. ఈ రెండు పక్షుల చిత్రాలు మనకు ఏమి చూపుతున్నవి, ఏమి దాచుతున్నవి అన్నదే ఈ వ్యాసంలోని విచారణ.

కలివి కోడి కథ

కలివి కోడిని ఆంగ్లేయులు జెర్డాన్ అనే వైద్యుని పేరుతో పిలుస్తారు. ఆయన ఈ పక్షిని గుర్తించగా 1848లో దానికి శాస్త్రీయనామం ఏర్పడింది. ఆ పేరులో "రెండు కంఠపట్టెలు గలది" అన్న అర్థం ఉన్నది. రొమ్ముమీది రెండు గోధుమవన్నె పట్టెలే దాని ఆనవాలు. సుమారు 27 సెంటీమీటర్ల పొడవు గల ఈ పక్షి పగలు పొదలచాటున అణగి ఉండి, రాత్రివేళ నేలమీద తిరుగుతుంది. 1900 తరువాత దీనిని చూచినట్లు నమ్మదగిన సమాచారం ఏదీ రాలేదు. జాతి అంతరించిందనే చాలామంది భావించారు.

1986 జనవరిలో సిద్ధవటం సమీపాన, రెడ్డిపల్లె ప్రాంతపు పొదలలో ఈ పక్షి మళ్ళీ కనిపించింది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ పరిశోధన జరుపుతుండగా, ఐతన్న అనే స్థానికుడు, పక్షులు పట్టటంలో నేర్పరి, రాత్రివేళ దీనిని పట్టుకొన్నాడు. శాస్త్రజ్ఞులకు 86 ఏళ్ళుగా కనబడని పక్షికి ఆ ఊళ్ళలో ఒక పేరు ఉన్నది. కలివి పొదల మధ్య తిరిగే కోడి అని దాని అర్థం. ఈ పేరును గమనించండి. పల్లెవాడు పక్షికి పేరు పెట్టినప్పుడు ముందుగా పొదను చెప్పి, తరువాత పక్షిని చెప్పాడు. శాస్త్రనామంలో పట్టెలున్నవి, ఆంగ్లనామంలో వైద్యుడున్నాడు. నివాసం ఉన్నది తెలుగు పేరులో మాత్రమే.

పట్టుబడిన ఆ పక్షి ఎక్కువకాలం బ్రతకలేదు. అయినా ఆ వార్త ఫలితంగా 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పక్షి బొమ్మతో తపాలా బిళ్ళ కూడా వెలువడింది.

ఇక ఆ తరువాత వచ్చిన ఛాయాచిత్రాల సంగతి. మనకు దొరికే కలివి కోడి చిత్రాలు వ్రేళ్ళమీద లెక్కించదగినన్నే. వాటిలో తరచుగా అచ్చు పడేవి ఒకే పద్ధతిలో ఉంటాయి. చీకటిలో దీపపు వెలుగు పక్షిమీద పడింది. పెద్ద కన్ను మెరుస్తున్నది. రొమ్ముమీది పట్టెలు స్పష్టంగా ఉన్నవి. చుట్టూ నలుపు లేక మసక. పక్షిని గుర్తుపట్టటానికి ఇంతకంటే మంచి చిత్రం అక్కరలేదు. కాని మన మూడవ ప్రశ్నకు దానిలో సమాధానం లేదు. ఆ పక్షి కడప పొదలలో నిలబడి ఉన్నదో, తోటలో నిలబడి ఉన్నదో, బోనులో ఉన్నదో బొమ్మను బట్టి చెప్పలేము.

దూరకటకం చేసే పని

ఈ లోపానికి కారణం ఛాయాగ్రాహకుని అజాగ్రత్త అనుకోరాదు. అతడు వాడే కటకపు స్వభావమే అటువంటిది. కొంచెం లెక్కవేసి చూద్దాము.

500 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల దూరకటకంతో, ఎఫ్ 5.6 ద్వారంతో, 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ కెమేరాలో 10 మీటర్ల దూరాన ఉన్న పక్షిని తీశామనుకొందాము. అప్పుడు స్పష్టంగా వచ్చే లోతు సుమారు 13 సెంటీమీటర్లు మాత్రమే. అనగా కలివి కోడి ఒడలిలో సగం. దానికి ముందున్నదీ వెనుకనున్నదీ అంతా మసకే. బొమ్మలో పట్టే వెడల్పు కూడా 70 సెంటీమీటర్లకు మించదు.

అదే చోటనుంచి 50 మిల్లీమీటర్ల మామూలు కటకంతో, ఎఫ్ 8 ద్వారంతో తీస్తే దాదాపు 5 మీటర్లనుంచి కనుచూపుమేర వరకు స్పష్టంగా వస్తుంది. వెడల్పు 7 మీటర్లు దాటుతుంది. పక్షి మాత్రం చిన్న చుక్కవలె ఉంటుంది. ప్రదర్శనలో దానికి బహుమానం రాదు. సంపాదకుడు కూడా పక్కన పెట్టివేస్తాడు.

ఇప్పుడు ఈ అంకెలను పొదల అంకెలతో కలిపి చూడవలెను. పి. జెగనాథన్, ఆయన సహచరులు కలివి కోడి నివాసాన్ని కొలిచి 2004లో ఒక పరిశోధన ప్రకటించారు. రెండు మీటర్లకంటె ఎత్తైన పెద్ద పొదలు హెక్టారుకు 300 మొదలు 700 వరకు, చిన్న పొదలు వేయికి లోపుగా ఉన్నచోటనే ఈ పక్షి ఎక్కువగా తిరుగుతున్నదని వారు తేల్చారు. పొదలు మరీ దట్టమైనా పనికిరాదు, మరీ పలుచనైనా పనికిరాదు. నేలమీద పరుగెత్తే పక్షికి దారి ఉండవలెను, దాగటానికి చాటు కూడా ఉండవలెను.

హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు. అందులో 500 పెద్ద పొదలుంటే ఒక్కొక్క పొద వంతుకు 20 చదరపు మీటర్లు వస్తుంది. పొదకూ పొదకూ నడుమ సగటున నాలుగున్నర మీటర్ల ఎడం ఉంటుందన్నమాట. ఆ ఎడమే కలివి కోడికి ఇల్లు. 70 సెంటీమీటర్ల వెడల్పు గల బొమ్మలో నాలుగున్నర మీటర్ల ఎడం ఎట్లా పడుతుంది? ఎంత గొప్ప ఛాయాగ్రాహకుడైనా, ఎంత ఖరీదైన కటకమైనా అది సాధ్యం కాదు. మసకబారిన నేపథ్యాన్ని చూచి "ఎంత మెత్తగా కరిగిపోయిందో" అని మెచ్చుకొనేవారు ఈ సంగతిని గమనించవలెను. అక్కడ కరిగిపోయినది ఆ పక్షి బ్రతకటానికి కారణమైన నేల.

యంత్రం తీసిన చిత్రం

ఇందుకు భిన్నమైన చిత్రాలు ఉన్నవి. వాటిని తీసినది మనిషి చేయి కాదు. మృగమే తన కాలితో తీగను తాకి తన చిత్రాన్ని తానే తీసుకొనే ఏర్పాటును మనదేశంలో 1920ల నాటికే అటవీశాఖాధికారి ఎఫ్. డబ్ల్యూ. చాంపియన్ పులుల విషయంలో విజయవంతంగా వాడాడు. 1927లో వచ్చిన ఆయన పుస్తకం వేటగాళ్ళ పుస్తకాలు రాజ్యమేలుతున్న రోజులలో క్రొత్త దారి చూపింది. తుపాకి లేకుండా పులిని ఇంటికి తెచ్చుకొనవచ్చునని ఆయన నిరూపించాడు.

ఆ పద్ధతే రూపుమారి లంకమల పొదలలోకి వచ్చింది. జెగనాథన్ బృందం మెత్తని మట్టిని నేలమీద పట్టీలుగా పరచి, రాత్రి ఆ దారిన పోయిన ప్రాణుల అడుగుజాడలను తెల్లవారి పరిశీలించేది. కలివి కోడి కాలికి ముందు మూడు వ్రేళ్ళు ఉంటాయి, వెనుక వ్రేలు లేదు. కాని అదే నేలమీద తీతువు వంటి ఇతర పక్షులు కూడా నడుస్తాయి. జాడను చూచి పొరబడటానికి అవకాశం ఉన్నది కనుక స్వయంచాలక కెమేరాలను కూడా అమర్చారు. జాడ చెప్పిన మాటకు బొమ్మ సాక్ష్యం పలికింది. ఈ పద్ధతి వివరాలు 2002లో అచ్చయినవి.

ఇటువంటి స్వయంచాలక చిత్రాలను కళాదృష్టితో చూస్తే తప్పులే కనిపిస్తాయి. పక్షి ఒక మూలకు పోయి ఉంటుంది, కొన్నిసార్లు తోక మాత్రమే పడుతుంది. దగ్గరనున్న రాయి తెల్లగా వెలిగిపోతుంది, దూరాన ఉన్నదంతా నలుపు. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగవ వంతుకు పడిపోతుంది కనుక ఫ్లాష్ దీపపు బొమ్మలు ఇట్లాగే వస్తాయి. అయితే ఆ చిత్రానికి తేదీ ఉన్నది, గంట ఉన్నది, చోటు ఉన్నది. కెమేరా కదలలేదు కాబట్టి నిన్నటి బొమ్మనూ నేటి బొమ్మనూ ప్రక్క ప్రక్కన పెట్టి పోల్చవచ్చును. పక్షి రాని రాత్రి కూడా ఒక సమాచారమే. చక్కని చిత్రాలు తీసేవారు పక్షి రాని రాత్రిని ఎన్నడూ మనకు చూపరు.

యంత్రం కూడా నిర్దోషి కాదు. ఉన్నట్టుండి వెలిగే దీపం రాత్రిచర ప్రాణిని బెదిరించవచ్చును. అందుచేత కంటికి కనబడని పరారుణ కాంతితో పనిచేసే కెమేరాలు వాడుకలోకి వచ్చాయి. వాటిలో రంగులుండవు, బొమ్మ బూడిదవన్నెగా ఉంటుంది. అందం కొంత తగ్గినా ప్రాణికి కలిగే బాధ కూడా తగ్గుతుంది. ఈ మార్పిడి న్యాయమైనదే.

పక్షి లేని ఛాయాచిత్రం

కలివి కోడి విషయంలో అన్నిటికంటె విలువైన ఛాయాచిత్రాలు ఏవి అని నన్నడిగితే, అసలు కలివి కోడి లేని చిత్రాలని చెప్పుతాను. 1991 నాటి, 2000 నాటి ఉపగ్రహ చిత్రాలను పోల్చి, లంకమల చుట్టుప్రక్కల ముళ్ళపొదల విస్తీర్ణం ఎట్లా తరిగిపోయిందో శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఆకాశంనుంచి చూస్తే అది రంగురంగుల మచ్చల పటం. పక్షి కన్నూ లేదు, పట్టెలూ లేవు. పక్షికి ఏమి జరుగుతున్నదో మాత్రం ఉన్నది.

2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకం కలివి కోడి తిరిగే పొదలలోకి వచ్చింది. అభ్యంతరాలు రాగా పని ఆగి, కాలువ దారి మార్చబడింది. ఆనాడు నేల పక్షాన మాటాడినవి కొలతలు, జాడలు, తేదీ గల చిత్రాలు. ఎంత ముద్దుగా ఉన్నా నేపథ్యం లేని పక్షి బొమ్మ అటువంటి వివాదంలో పనికిరాదు. అది పక్షి ఎట్లా ఉంటుందో చెప్పగలదు గాని, ఈ సర్వే నంబరులో ఎందుకు ఉండనివ్వాలో చెప్పలేదు. నీరు కోరిన రైతుది కూడా న్యాయమైన అవసరమే. రెండు న్యాయాల మధ్య తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు సాక్ష్యం గట్టిగా ఉండవలెను.

రోళ్ళపాడు గడ్డిమైదానం

ఇప్పుడు ఉత్తరానికి, పూర్వపు కర్నూలు జిల్లాకు పోదాము. 2022లో జిల్లాల విభజనతో నంద్యాల జిల్లాలో చేరిన రోళ్ళపాడు అభయారణ్యం 1988లో ఏర్పడింది. విస్తీర్ణం 6 చదరపు కిలోమీటర్లకు కొంచెమే ఎక్కువ. దీనిని బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేశారు. నిలువెత్తున మీటరు దాకా ఉండి, 15 కిలోల వరకు తూగే ఈ పక్షి ఎగిరే పక్షులలో మిక్కిలి బరువైన వాటిలో ఒకటి.

రోళ్ళపాడు పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే చిత్రం ఒకటే: మగపక్షి కంఠపు సంచిని ఉబ్బించి, తోక ఎత్తి, ఆడపక్షులను పిలిచే భంగిమ. చిత్రకారుని కంటికి అది విందే. కాని ఆ భంగిమ బొమ్మను నింపివేసినప్పుడు మైదానం కనబడదు. మగపక్షి ఆ చోటును ఎన్నుకొన్నది దూరంనుంచి కనబడటానికీ, వినబడటానికీ. గడ్డి పొట్టిగా, నేల విశాలంగా ఉంటేనే ఆ నాట్యానికి అర్థం. రంగస్థలాన్ని తీసివేసి నటుణ్ణి మాత్రమే చూపినట్లయింది.

చుట్టూ ఉన్న మెట్టచేలు కూడా ఆ పక్షికి మేతభూములే. నీటిపారుదల రావటంతో, పంటల తీరు మారటంతో ఆ ఏర్పాటు చెదిరిపోయింది. కంచెలోపల కృష్ణజింకలు పెరిగి, బట్టమేక పిట్టలు తగ్గిపోయినవి. 2011లో ఈ జాతిని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న వర్గంలో చేర్చారు. ఇన్ని చిత్రాలు తీసినా, చుట్టుప్రక్కల చేలతో సహా ఆ మైదానాన్ని ఒకే చోటనుంచి ఏటేటా తీసి ఉంచిన వరుస ఒకటి ప్రజల చేతిలో ఉంటే, ఈ మార్పును ఎవరూ చెప్పనక్కరలేకుండానే అందరూ చూచి ఉండేవారు.

గూటి దగ్గర కెమేరా

బట్టమేక పిట్ట నేలమీద సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. తల్లి లేచిపోతే ఎండకు, కాకికి, నక్కకు ఆ గుడ్డు దొరికిపోతుంది. గూటిమీది పక్షి చిత్రం ఎంత చక్కగా ఉన్నా, అది తీయటానికి తల్లిని ఎన్నిసార్లు లేపవలసి వచ్చిందని అడగటం విమర్శకుని హక్కు. రికార్డు చేసిన కూతను వినిపించి పక్షిని బయటికి రప్పించటం కూడా ఇటువంటిదే. శాస్త్రజ్ఞుడు గణన కోసం అనుమతితో, లెక్కప్రకారం చేసే పనికీ, చిత్రం కోసం పదేపదే పిలవటానికీ భేదం ఉన్నది. లేని శత్రువును చూపి పక్షిని పరుగులెత్తించటం దాని శక్తిని వృథాచేయటమే.

చట్టం కూడా ఈ మాటే చెప్పుతున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ అభయారణ్యంలో ఛాయాచిత్రాలు తీయటానికి అనుమతి ఇవ్వవచ్చునంటూనే, నివాసంలో మార్పు చేయరాదనీ, నివాసానికి గాని ప్రాణికి గాని హాని కలగరాదనీ షరతు పెట్టింది. అడ్డంగా ఉన్నదని కొమ్మను విరిచినా అది నివాసంలో మార్పే.

పరదేశపు ఉదాహరణలు

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. ఆస్ట్రేలియాలో రాత్రి చిలుక అనే పక్షి ఉన్నది. ఇది కూడా మన కలివి కోడివలె రాత్రివేళ నేలమీద తిరిగేదే, చాలాకాలం కనబడకుండా పోయినదే. 1990లో, 2006లో చచ్చిన పక్షులు మాత్రం దొరికాయి. 2013లో క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు పశ్చిమభాగంలో బ్రతికి ఉన్న పక్షి ఛాయాచిత్రాలు వెలువడినవి. చోటును రహస్యంగా ఉంచారు. 2016లో ఒక సంరక్షణ సంస్థ ఆ భూమిని కొని కాపాడుతున్నది. ఒక ఛాయాచిత్రం ఇంతకంటె మంచి పని చేయలేదు. అయితే తరువాత ఇతర చోట్లనుంచి వచ్చిన కొన్ని ఆధారాలు పరిశీలనకు నిలువలేదు. 2019లో వాటిని ప్రకటించిన సంస్థయే వెనుకకు తీసుకొన్నది. బొమ్మ ఉన్నంతమాత్రాన నిజం కాదు.

లండన్ ప్రకృతి చరిత్ర మ్యూజియం వారి పోటీలో 2017లో బహుమానం పొందిన ఒక చిత్రంలో, బ్రెజిల్ దేశపు చెదపుట్ట ప్రక్కన చీమలుతినే జంతువు ఒకటి ఉన్నది. అది గడ్డి కూరిన బొమ్మ కావచ్చునన్న నిర్ణయానికి వచ్చి 2018లో బహుమానాన్ని రద్దుచేశారు. అక్కడ పరిసరం నిజమైనది, ప్రాణి అబద్ధం. మన చిత్రాలలో ప్రాణి నిజమైనది, పరిసరమే లేదు. మొదటిది మోసం, రెండవది మోసం కాదు. కాని చూచేవాడు సత్యంలో సగమే తెలిసికొన్నాడన్నది రెంటిలోనూ నిజం.

ఏది మంచి చిత్రం?

దూరకటకాన్ని విసర్జించమని ఎవరూ అనరు. ప్రాణికి దూరంగా ఉండి తీయటానికి అదే సాధనం. ఆ గుణాన్ని మెచ్చుకోవలసిందే. పక్షిని నిశ్చయంగా గుర్తించటానికి దగ్గరి బొమ్మ కావలెను. కాని ఆ తరువాత కదలకుండా, అదే చోటనుంచి, మామూలు కటకంతో రెండవ బొమ్మ తీయటానికి అర నిమిషం చాలును. పత్రికలు, ప్రదర్శనలు ఈ రెండింటినీ జంటగా కోరాలి. తేదీ, వేళ, కటకం, పక్షికి గల దూరం, ఎర గాని కూత గాని వాడినదీ లేనిదీ బొమ్మ క్రింద వ్రాయాలి. చోటును మాత్రం మండలం వరకే చెప్పి ఊరుకోవలెను. నేటి కెమేరాలు, చేతిఫోన్లు బొమ్మలోనే అక్షాంశ రేఖాంశాలను దాచి ఉంచుతాయి. వాటిని తొలగించకుండా పంచితే వేటగానికి దారి చూపినట్లే. పూర్తి వివరం అటవీశాఖకు, శాస్త్రజ్ఞులకు చేరితే చాలు.

కలివి కోడి బ్రతికి ఉన్నదన్న సాక్ష్యం మళ్ళీ 2025 ఆగస్టులో వచ్చింది. పక్షి పరిశీలకులు దాని కూతను విని రికార్డు చేశారు. ఆ వార్త తరువాత కెమేరాలు సిద్ధవటం వైపు, బద్వేలు వైపు బయలుదేరటం సహజమే. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోరాదు. పోకుండానే చేయదగిన పని ఒకటి ఉన్నది. కడప, నంద్యాల, కర్నూలు జిల్లాలలో ప్రతి ఊరి శివారున ముళ్ళపొదలో, గడ్డిబీడో మిగిలి ఉన్నది. పాఠశాలల విద్యార్థులు, ఉపాధ్యాయులు ఒక రాతిగుట్టను గురుతుగా పెట్టుకొని, ఏడాదికి రెండుమార్లు, ఎండాకాలంలో ఒకటి, వానల తరువాత ఒకటి, అదే దిక్కుగా ఆ నేలను ఛాయాచిత్రం తీసి తేదీ వేసి భద్రపరచవచ్చును. పొదలను లెక్కించి ప్రక్కన వ్రాయవచ్చును. దీనికి దూరకటకం అక్కరలేదు, చేతిఫోను చాలును.

ఆ వరుసలో ఏ పక్షీ పడకపోవచ్చును. అయినా పదేళ్ళ తరువాత ఒక కాలువో, క్వారీయో, పరిశ్రమో వచ్చి "ఇది బంజరే కదా" అన్ననాడు ఊరివారు చేత పట్టుకొని చూపగలిగినది ఆ బొమ్మల వరుసయే.